నోరులేని కాయతో యమాబుకి రంగు

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి క్యోటోలో చెర్రీ పూల సందడి సద్దుమణుగుతుంది. ఫోటోల కోసం వంతెనల మీద కిక్కిరిసిన జనం వెళ్ళిపోయాక, కాలవల ఒడ్డున నీడల్లో యమాబుకి పూస్తుంది. సన్నటి పచ్చని కొమ్మలు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి, వాటి పొడవునా పసుపు పూలు. నేను ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు. మొదటి రెండు వసంతాల్లో ఈ పువ్వు కళ్ళెదుటే ఉన్నా నాకు ఆనలేదు. ఇప్పుడు ఏటా దాని కోసమే చూస్తాను. అది పూసిన వారంలోనే ఒక తెల్ల పట్టు కండువాకు దాని రంగు వేస్తాను. ఆ రంగును జపనీస్‌లో యమాబుకి-ఇరో అంటారు. ఇరో అంటే రంగు.

ఈ రంగు ఇంట్లో ఎలా వేసుకోవాలో చెప్తాను. ఎందుకు వేయాలో కూడా మధ్యమధ్యలో చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ రంగులో ఆ రెండూ విడిగా ఉండవు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. యమాబుకి పువ్వు నుంచి యమాబుకి రంగు రాదు. నేను మూడో వసంతంలో రాలిన రేకులు ఓ దోసెడు ఏరుకొచ్చి, గిన్నెలో వేసి అరగంట మరిగించాను. వచ్చినవి గడ్డి కడిగినట్టున్న నీళ్ళు. అప్పట్లో మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు అద్దకం పనిలో గడిపిన మనిషి. ఆవిడకి ఆ గిన్నె చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, రేకు డబ్బాలోంచి ఎండిపోయిన కాయ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ముదురు నారింజ రంగు, వేలి కణుపంత పొడవు, పైనుంచి కిందికి ఆరు గట్లు, కొసన ఎండిన ముచ్చిక.

"కుచినాషి," అన్నారు. కుచి అంటే నోరు. నాషి అంటే లేదు. నోరులేనిది.

అది గార్డెనియా కాయ. తెల్లగా పూసి ఘుమఘుమలాడే ఆ చెట్టు మీకు తెలిసే ఉంటుంది. పండినా ఈ కాయ విచ్చుకోదు, నోరు తెరవదు. అందుకే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. దీన్ని నీళ్ళలో నానబెడితే దిగే పసుపే, వెయ్యేళ్ళకు పైగా, యమాబుకి అని పిలిచిన బట్టలకు ఆధారం. పేరు పువ్వుది, రంగు కాయది.

పాతకాలపు కవులు ఈ కిటుకును వదిలిపెట్టలేదు. 905 ప్రాంతంలో చక్రవర్తి ఆజ్ఞతో కూర్చిన కొకిన్‌షూ అనే కవితల సంకలనంలో సోసేయ్ అనే బౌద్ధ సన్యాసి పద్యం ఒకటుంది. దాని భావం ఇది: యమాబుకి పూరంగు వస్త్రమా, నీ యజమాని ఎవరు? అడిగాను, జవాబు లేదు, నువ్వు నోరులేనిదానివి కదా. బట్టకు వేసిన రంగు కుచినాషి, బట్టకు నోరు కూడా లేదు. ఒకే మాటలో రెండూ పలికించాడు. ఈ శ్లేష వల్లే కుచినాషి పసుపుకి ఇవను-ఇరో అనే పేరు కూడా ఉంది. చెప్పని రంగు, మాటలాడని రంగు అని దాని అర్థం. ఈ ఒక్క పేరు మనసులో పెట్టుకుంటే ఇక మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి.

ఇప్పుడు పని.

మొదట ఏ రంగు కావాలో కళ్ళకు తెలియాలి. జపాన్‌లో పూల పేర్లతో పసుపులు చాలా ఉన్నాయి, వాటి మధ్య తేడా సన్నగా ఉంటుంది. నానోహానా-ఇరో అంటే ఆవ జాతి పువ్వు పసుపు, అందులో ఆకుపచ్చ ఛాయ కాస్త కనబడుతుంది. తంపొపొ-ఇరో డాండెలైన్ పువ్వుది, స్వచ్ఛమైన పసుపు. యమాబుకి ఆ రెండింటికంటే వెచ్చగా ఉంటుంది. పసుపు నారింజ వైపు ఒక్క అడుగు వేసి ఆగినట్టు. అడుగు దాటితే అది యమాబుకి కాదు. కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళు సంప్రదాయ రంగుల పట్టికల్లో చూసే విలువ ఎరుపు 248, ఆకుపచ్చ 181, నీలం 0. జపాన్ పారిశ్రామిక ప్రమాణాల్లో, అంటే జిస్ రంగుల పేర్ల జాబితాలో కూడా ఈ పేరు ఉంది. పిల్లల రంగుల పెట్టెల్లోనూ కనిపిస్తుంది. కానీ నా సలహా, ఫోన్ తెర మీద చూసి సరిపోల్చకండి. వీలైతే ఒక్క పువ్వు తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకోండి. అదీ పూసిన మొదటి రోజుల్లోదే తీసుకోండి, ఎండ తగిలిన కొద్దీ రేకులు వెలిసి పాలిపోతాయి.

పువ్వు చూడటానికి క్యోటోలో నాకు ఇష్టమైన చోటు పడమటి వైపున ఉన్న మత్సునో తాయిషా గుడి. గుడి లోపల పారే చిన్న కాలవకు రెండు వైపులా పొదలే. క్యోటో ప్రిఫెక్చర్‌లోనే దక్షిణాన ఇదె అనే ఊరుంది. అక్కడి తమగావా వాగు ఒడ్డున యమాబుకి గురించి, ఆ వాగులో కప్పల గురించి కవులు వందల ఏళ్ళు రాశారు. వెళ్తే గుర్తుంచుకోండి: అయిదు రేకుల ఒంటి పువ్వు ఒక రకం, చిన్న బంతిలా కిక్కిరిసిన ముద్ద పువ్వు ఇంకో రకం. ఈ తేడా తర్వాత అవసరం పడుతుంది. తెల్లగా నాలుగు రేకులతో పూసేదాన్ని కూడా షిరో-యమాబుకి అంటారు గానీ అది వేరే మొక్క.

కావలసినవి. అద్దకం కోసమే అమ్మే తెల్ల పట్టు కండువా ఒకటి. నేను వాడేది 60 గ్రాములు ఉంటుంది, కాబట్టి లెక్కలన్నీ దానికే చెప్తాను. మీ బట్ట ముందు పొడిగా తూచండి. ఎండు కుచినాషి కాయలు బట్ట ఎంత బరువో అంత, అంటే 60 గ్రాములు. సూపర్ మార్కెట్లలో సంవత్సరాంతంలో చిన్న పొట్లాల్లో రెండు మూడు కాయలు అమ్ముతారు. కొత్త సంవత్సరానికి చేసే కురికింతొన్ అనే తీపి చిలగడదుంప, చెస్ట్‌నట్ వంటకానికి బంగారు రంగు రావడానికి వాటిని వాడతారు. అద్దకానికి ఆ పొట్లాలు చాలవు. అద్దకం సరుకుల దుకాణంలో తూకానికి కొనండి. కొనేటప్పుడు కాయ రంగు చూడండి. ఎర్రగా, నారింజగా ఉన్నవి మంచివి. నల్లబడినవి పాతవి, వాటి నుంచి మట్టి రంగు కలిసిన పసుపు దిగుతుంది.

స్టీలు గిన్నె లేదా పెచ్చు ఊడని ఎనామిల్ గిన్నె, కనీసం 5 లీటర్లది. ఇనుప గిన్నె వద్దు, రంగు మసకబారుతుంది. ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు, వడకట్టడానికి పలచటి నూలు గుడ్డ, రబ్బరు చేతి తొడుగులు. గిన్నెను అద్దకానికే కేటాయించండి. కుచినాషి తినే పదార్థమే అయినా, రేపు ఇంకో రంగు వేయాలనిపిస్తే అది తినదగింది కాకపోవచ్చు.

ముందు రోజు రాత్రి కాయల్ని పాత గుడ్డలో మూటగట్టి చెక్క రోకలితో చితక్కొట్టండి. పొడి చేయకండి. పైతొక్క పగిలి లోపలి గింజల ముద్ద బయటపడితే చాలు. పొడి చేస్తే వడకట్టినా నలుసులు దిగిపోయి బట్ట మీద చుక్కలు మిగులుతాయి. ఒకటిన్నర లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న గిన్నె మూత తీసినప్పుడు ఆ రంగు చూసి నాకు ఇప్పటికీ మనసు ఉప్పొంగుతుంది. ఇందులోని పసుపు పదార్థం పేరు క్రోసిన్. కుంకుమపువ్వుకు రంగునిచ్చేది కూడా ఇదే. క్యారెట్‌లో ఉండే రంగు కుటుంబానికే చెందినా, వాటిలా కాకుండా ఇది నీళ్ళలో సులువుగా కరుగుతుంది, పట్టుకు దానంతట అదే పట్టుకుంటుంది. పటిక లాంటివి వేయకపోయినా పర్వాలేదు. కొందరు వేస్తారు, నేను వేయను.

నానిన నీళ్ళతో సహా పొయ్యి మీద పెట్టి, మరగడం మొదలవగానే సెగ తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. వడకట్టండి. అవే కాయల మీద ఇంకో ఒకటిన్నర లీటరు నీళ్ళు పోసి మళ్ళీ 20 నిమిషాలు. రెండు నీళ్ళూ కలిపితే సుమారు 3 లీటర్లు, బట్ట బరువుకు 50 రెట్లు. ఇది తగ్గించకండి. బట్ట నీళ్ళలో ఈదాలి, నలగకూడదు.

ఈలోగా కండువాను గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు న్యూట్రల్ డిటర్జెంట్ వేసి మెల్లగా ఉతికి, సబ్బు పోయేదాకా జాడించి, మళ్ళీ వెచ్చని మంచినీళ్ళలో కనీసం అరగంట ఉంచండి. ఈ అరగంట చాలా ముఖ్యం. మొదటిసారి నేను తొందరపడి పొడి బట్టను తిన్నగా రంగులో వేశాను. ఎక్కడ ముందు తడిసిందో అక్కడ ముదురుగా, మడతల్లో లేతగా మ్యాపు గీసినట్టు వచ్చింది. దాన్ని సరిచేసే దారి లేదు. ఆ కండువా నా దగ్గరే ఉంది.

రంగు నీళ్ళు 40 డిగ్రీలకు చల్లారాక, తడి బట్టను పిండి, పూర్తిగా విప్పి ఒకేసారి వేయండి. నెమ్మదిగా, ఒక 15 నిమిషాల్లో 70 డిగ్రీలకు తీసుకెళ్ళండి. 80 దాటనివ్వకండి, పట్టు మెరుపు పోతుంది. అక్కడ ఇంకో 15, 20 నిమిషాలు. ఈ సమయమంతా చేయి ఆపకూడదు. ఒక అంచు పట్టుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ వెనక్కి. ఏ భాగమూ నీళ్ళ పైకి తేలి ఉండిపోకూడదు. ఆ పెద్దావిడ ఈ అరగంటలో ఒక్క మాట మాట్లాడేవారు కాదు, నన్నూ మాట్లాడనిచ్చేవారు కాదు. పనిమీద శ్రద్ధ కోసమని అనుకున్నాను. తర్వాత స్టవ్ ఆపి, నీళ్ళు చేతికి ఓర్చుకునేంత చల్లబడేదాకా బట్టను అందులోనే వదిలేయండి. జాడించి, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో ఆరబెట్టండి.

తడి బట్టను చూసి సంబరపడకండి, నిరుత్సాహపడకండి. ఆరాక రంగు బాగా తేలికవుతుంది. ఆరిన తర్వాత పగటి వెలుగులో పువ్వు పక్కన పెట్టి చూడండి. చాలామందికి ఇక్కడే తృప్తిగా అనిపిస్తుంది. నిజమే, ఇది అందమైన పసుపు, దీనికి కుచినాషి-ఇరో అని సొంత పేరే ఉంది. కానీ పక్కన పువ్వు ఉంటే తేడా తెలుస్తుంది. పువ్వులో ఉన్న ఆ ఎర్రటి వెచ్చదనం బట్టలో కొంచెం తక్కువ. కరియసు గడ్డితోనో, కిహదా చెట్టు బెరడుతోనో మొదలుపెట్టి ఉంటే ఇంకా దూరంగా ఉండేవాళ్ళం, వాటి పసుపుల్లో పచ్చదనం ఉంటుంది. కుచినాషితో మొదలుపెట్టింది అందుకే.

ఆ వెచ్చదనం కుసుమ పువ్వు ఇస్తుంది. జపనీస్‌లో బెనిబానా. ఉత్తరాన యమాగతా ప్రిఫెక్చర్‌లో మొగామి నది పరీవాహకం దీనికి ప్రసిద్ధి. జులైలో, మంచుకు ముళ్ళు మెత్తబడి ఉండే తెల్లవారుజామున కోస్తారు. ఎండు రేకులు 30 గ్రాములు తీసుకుని గుడ్డ సంచిలో వేసి, చల్లటి నీళ్ళలో పిసుకుతూ ఉండండి. మొదట పసుపే దిగుతుంది, బోలెడంత. అది పారబోయండి. నీళ్ళు మార్చుతూ, అవి దాదాపు తేటగా అయ్యేదాకా ఓపిక పట్టాలి. కావాలంటే రాత్రి నానబెట్టండి. కుసుమలో మనకు కావలసిన ఎరుపు మామూలు నీళ్ళలో కరగదు, క్షారంలోనే కరుగుతుంది. పూర్వం గడ్డి కాల్చిన బూడిద నీళ్ళు వాడేవారు. నేను అద్దకం దుకాణంలో దొరికే పొటాషియం కార్బొనేట్ వాడతాను, లీటరు నీళ్ళకు 5 గ్రాములు. చేతి తొడుగులు వేసుకుని అరగంట పిసకండి. నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా ఎర్రమట్టి రంగుకు వస్తాయి. సంచి పిండి తీసేయండి.

ఈ క్షారంలో పట్టు వేయకండి, పోగులు పాడవుతాయి. ముందు సిట్రిక్ యాసిడ్ కరిగించిన నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. బియ్యపు వెనిగర్ కూడా పనిచేస్తుంది. బుసబుసమని నురుగు వస్తుంది, రంగు కళ్ళ ముందే డికాక్షన్ నుంచి నిండు ఎరుపుకి మారుతుంది. లిట్మస్ లాంటి పీహెచ్ కాగితం 7 చూపించాక ఆగండి. ఇంకో రెండు లీటర్లు చల్లటి నీళ్ళు కలిపి, తడిపిన పసుపు కండువాను వేయండి. వేడి చేయకండి, ఈ ఎరుపుకు వేడి పడదు. అందుకే కుచినాషి ముందు, కుసుమ తర్వాత. కొంత పసుపు నీళ్ళలోకి దిగుతుంది, కంగారు పడకండి.

ఇక్కడ గడియారం కాదు, కన్నే ముఖ్యం. మూడు నిమిషాలకోసారి తీసి, అంచును తెల్ల పళ్ళెం మీద పరిచి చూడండి. పువ్వు కంటే ఒక్క పిసరు ముదురుగా కనిపించినప్పుడు తీసేయండి. చెంచాడు వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడించి నీడలో ఆరేయండి. ఆగకపోతే నారింజకు పోతుంది. కుచినాషి, కుసుమ రెండూ గాఢంగా కలిస్తే వచ్చే రంగు ఓని. 927లో పూర్తయిన ఎంగిషికి అనే రాజశాసన గ్రంథంలో అద్దకానికి ఏ బట్టకు ఏ సరుకు ఎంతో కొలతలు రాసి ఉన్నాయి. ఓని యువరాజుకు మాత్రమే చెందిన రంగు, ఇతరులు ధరించకూడదు. 2020 నవంబర్ 8న యువరాజు అకిషినో తనను సింహాసన వారసుడిగా ప్రకటించిన వేడుకలో ఆ రంగు దుస్తులే వేసుకున్నారు. ఈ రోజుల్లో మీ వంటింటికి ఎవరూ వచ్చి అడగరు. అయినా నాకు యమాబుకి దగ్గర ఆగడమే ఇష్టం. ఇంకొంచెం చెప్పగలిగి కూడా ఆగినట్టు ఉంటుంది ఆ రంగు.

ఆ మాట అనడానికి కారణం తేయిషి మహారాణి. 995లో ఆమె తండ్రి పోయాడు, తర్వాతి ఏడాది అన్నదమ్ములు ప్రవాసానికి వెళ్ళారు. అంతఃపురంలో పొత్తులు మారిపోయాయి. ఆమెకు ఎంతో ఇష్టమైన పరిచారిక, రచయిత్రి సేయ్ షోనగోన్ మీద అవతలి పక్షం మనిషి అన్న అనుమానపు మాటలు లేచాయి. సేయ్ నొచ్చుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళకో మహారాణి నుంచి ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే కాగితం మీద రాతే లేదు. ఒక్క యమాబుకి రేకు చుట్టి ఉంది, దాని మీద నాలుగు మాటలు: చెప్పకుండా తలచుకుంటున్నాను. అది ఒక పాత పద్యంలో ముక్క. మనసులో అడుగున నీళ్ళు ఉబుకుతున్నాయి, చెప్పకుండా తలచుకోవడం చెప్పడాన్ని మించినది అని ఆ పద్యం. సేయ్‌కు జవాబు రాయాలంటే దాని మొదటి సగం కావాలి, అది ఎంతకీ గుర్తుకు రాలేదు. పక్కనున్న చిన్న పిల్ల అందించింది, "అడుగున పారే నీళ్ళు" అని. ఇదంతా సేయ్ తన పుస్తకంలో తానే రాసుకుంది. యమాబుకి, దాని రంగు కుచినాషి, కుచినాషి అంటే నోరులేనిది, కాబట్టి ఒక్క రేకు పంపితే చాలు. ఉత్తరం రాసినవారికీ చదివినవారికీ ఇద్దరికీ అద్దకం సంగతి తెలుసు కాబట్టే ఆ ఉత్తరం పనిచేసింది.

కండువా ఎలా వేసుకోవాలంటే, హేయన్ కాలపు, అంటే తేయిషి నాటి, ఆస్థానంలో ఈ రంగును ఒంటరిగా కాక జతగా చూసేవారు. పై పొర, లోపలి పొర కలిపి ఒక పేరు, దీన్ని కసానె అంటారు. యమాబుకి కసానె అంటే పైన లేత ఎండుటాకు రంగు, లోపల పసుపు. పైన పసుపు, లోపల ఎరుపు వేస్తే ఉరా-యమాబుకి. ఇవి వసంతపు దుస్తులు. ఆ కాలపు నవల గెంజి కథలో నాయిక మురసాకి మొదటిసారి మనకు కనిపించేది కూడా ఇలాగే, పదేళ్ళ పిల్ల, తెల్లటి బట్టల మీద వాడి మెత్తబడిన యమాబుకి వేసుకుని, తన పిచ్చుకను వదిలేశారని ఏడుస్తూ పరుగెత్తుకొస్తుంది. నేను ఎండుటాకు రంగు కోటు మెడ దగ్గర ఈ కండువా కొంచెమే కనిపించేలా వేసుకుంటాను. పూర్తిగా పైన పరిస్తే ఈ రంగు అరుస్తుంది, అంచుగా ఉంటే పలకరిస్తుంది.

ఒక జాగ్రత్త. ఎడో కాలం (1603-1868) నుంచి యమాబుకి-ఇరో అంటే బంగారు నాణేలు, కోబాన్‌లు అనే అర్థం కూడా వచ్చింది. టీవీలో వచ్చే పాత కాలపు సీరియళ్ళలో వర్తకుడు అధికారికి "యమాబుకి రంగు మిఠాయి" అంటూ పెట్టె జరిపితే అది లంచం. కాబట్టి ఎవరికైనా ఈ కండువా ఇచ్చేటప్పుడు ఆ మాట వాడకండి. అసలు ఏ మాటా వాడనక్కర్లేదు.

వెలుగు ఈ రంగుకు శత్రువు. కుచినాషి, కుసుమ రెండూ ఎండకు ఆగవు. నేను రెండో కండువాను కిటికీ పక్క కొక్కేనికి తగిలించి మరిచిపోయాను, వేసవి సెలవుల తర్వాత చూస్తే కిటికీ వైపు సగం వెన్న రంగుకు దిగింది. చల్లటి నీళ్ళు, న్యూట్రల్ డిటర్జెంట్, నీడ. వాడనప్పుడు కాగితంలో చుట్టి సొరుగులో. అంత చేసినా ఏడాదికి కొంత తగ్గుతుంది. అప్పుడు మళ్ళీ కుచినాషి నీళ్ళలో ముంచండి, ఈసారి సగం కాయలు చాలు.

రేకు పెట్టి పంపాలనుకుంటే ఒంటి పువ్వుదే పెట్టండి, తేయిషి పంపింది కూడా ఒంటి రేకే. ముద్ద పువ్వుకు వేరే కథ ఉంది. 1457లో ఎడో కోట (ఎడో అంటే ఇప్పటి టోక్యో) కట్టించిన ఓతా దోకాన్ అనే సేనాని వేటలో వానకు చిక్కి, ఒక గుడిసె దగ్గర ఆగి గడ్డితో అల్లిన వానకోటు, మినో, అడిగాడట. ఒక అమ్మాయి మాట్లాడకుండా ముద్ద యమాబుకి కొమ్మ చాచింది. ఆయన కోపంగా వెళ్ళిపోయాడు. ఏడు పొరలుగా ఎనిమిది పొరలుగా పూసినా యమాబుకికి ఒక్క కాయైనా లేదన్న పాత పద్యం అది, కాయ లేదు అన్నమాటలోనే మినో లేదు అనీ వినిపిస్తుంది, ఆ అమ్మాయి పేదరికం చెప్పుకోలేక అలా చెప్పింది అని తర్వాత ఎవరో వివరిస్తే సిగ్గుపడి కవిత్వం నేర్చుకున్నాడని ఐతిహ్యం. మా ఊళ్ళో ఇది జరిగింది అనే చోట్లు చాలా ఉన్నాయి, సైతామాలోని ఒగొసెలో దీని పేరున పార్కే ఉంది. నిజంగానే ముద్ద యమాబుకి కాయ కాయదు. ముద్ద గార్డెనియా కూడా అంతే, అద్దకానికి ఒంటి పూల చెట్టు కాయలే కావాలి.

నాకు అద్దకం నేర్పిన పెద్దావిడ, భర్త పోయాక, కూతురి ఊరికి వెళ్ళిపోయారు. నా జపనీస్ బజారు పనులకు సరిపోతుంది, అలాంటి సమయంలో రాయాల్సిన ఉత్తరానికి సరిపోదు. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఆ ఏప్రిల్‌లో వేసిన కండువాను తెల్ల వాషి కాగితంలో చుట్టి, పైన ఒక రేకు పెట్టి, ఇంకో మడత వేసి పంపాను. రేకు తడిగా ఉంటే కాగితం మీద మచ్చ పడుతుంది, ఒక పూట పుస్తకంలో ఒత్తి పెట్టండి. పేరు, చిరునామా పైకవరు మీద మాత్రమే.

వసంతం, వేసవి గడిచాయి. డిసెంబర్‌లో ఒక చిన్న పెట్టె వచ్చింది. లోపల పాత వార్తాపత్రిక, అందులో అప్పుడే కోసిన కుచినాషి కాయలు, ఇరవై పైన ఉంటాయి. ఇంకేమీ లేదు. పచ్చి కాయలు మీకూ దొరికితే ఇలా చేయండి: మరిగే నీళ్ళలో కాసేపు ముంచి తీసి, నీళ్ళు వార్చి, గాలి ఆడే నీడలో పలచగా పరచండి. చలికాలం కాబట్టి వారాలు పడుతుంది. ఒక కాయను వేళ్ళ మధ్య నొక్కినప్పుడు లోపల గింజల ముద్ద గట్టిగా తగిలితే ఆరినట్టు. రేకు డబ్బాలో వేసి మూత బిగించి పెట్టండి, ఏప్రిల్ మూడో వారం దాకా.